అసిరమ్మకు రవిక

జీడివలస అసిరమ్మ మహిళా కళాశాలలో పదిహేడో నంబరు సర్క్యులర్ పుట్టినప్పుడు అందరూ సంతోషించారు. మామూలుగా ఒక సర్క్యులర్ వస్తే సగంమంది సంతోషిస్తారు, మిగతా సగం స్టాఫ్ రూములో కూర్చుని దాన్ని రాసినవాళ్ళ ఏడు తరాలనూ తవ్విపోస్తారు. దీనికి మాత్రం రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. సన్యాసమ్మ ఆ చప్పట్లు చెవులారా వింది. ముప్పై ఏళ్ళుగా ఆ కాలేజీలో అటెండరు ఆవిడే, మీటింగుల్లో టీలు అందించేదీ ఆవిడే.

అసలు గొడవ చున్నీ దగ్గర మొదలైంది. వృక్షశాస్త్రం చెప్పే సౌదామిని మేడమ్ గౌరవ వస్త్రధారణ కమిటీకి కన్వీనరు. చున్నీ అన్నది రెండు భుజాలమీదా పిన్నీసులు పెట్టి నిలబెట్టాల్సిన వస్తువనీ, మెడలో కండువాలా వేలాడేసుకుంటే దేశం ఏమైపోతుందనీ ఆవిడ వాదన. ఇంగ్లీషు చెప్పే ఉజ్వల మేడమ్ స్త్రీ సాధికారత విభాగానికి సమన్వయకర్త. ఆడపిల్ల ఏం వేసుకోవాలో ఆడపిల్లే నిర్ణయించుకోవాలనీ, ఎలా నిర్ణయించుకోవాలో తెలియకపోతే తాను రాసిన నలభై పేజీల కరదీపిక చదువుకోవాలనీ ఆవిడ వాదన. మధ్యలో ఎనిమిది వందల నలభైమంది ఆడపిల్లలు పొద్దున ఇంటి దగ్గర ఒక రకంగానూ, గేటు దాటాక ఒక రకంగానూ చున్నీ సర్దుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు.

ప్రిన్సిపాల్ గోవర్ధనరావు గారు శాంతికాముకులు. ఎవరేం అడిగినా "పరిశీలిద్దాం" అని రాసి ఇరవై రెండేళ్ళ సర్వీసు పూర్తి చేసిన మనిషి. ఆయన మూడు రోజులు ఆలోచించి, ఇరుపక్షాలకీ నచ్చే ఒక్క వాక్యం తయారుచేశారు.

"ఇకమీదట మన కళాశాలలో విద్యార్థినుల, అధ్యాపకుల, సిబ్బంది వస్త్రధారణ మన స్థాపకురాలు కీర్తిశేషులు అసిరమ్మ గారి వస్త్రధారణను అనుసరించి ఉండవలెను."

సౌదామిని మేడమ్ మురిసిపోయింది. ఆ కాలపు మనిషి నిండుగా కట్టుకోక ఎలా కట్టుకుంటుంది? ఉజ్వల మేడమ్ ఇంకా మురిసిపోయింది. మగవాడు పెట్టిన నియమం కాదు, ఒక స్త్రీ బతికి చూపించిన నియమం! పాలకమండలి ఆమోదించింది. యూనివర్సిటీకి కాపీ వెళ్ళింది. ప్రాస్పెక్టసు మొదటి పేజీలో పెద్దక్షరాలతో మూడు వేల ప్రతులు అచ్చయ్యాయి.

అసిరమ్మ ఏం కట్టుకునేదో చూసినవాళ్ళు ఆ గదిలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆవిణ్ని ఎవరూ అడగలేదు.

సన్యాసమ్మ అసిరమ్మకి మనవరాలు, కూతురి కూతురు. కాలేజీ నిలబడ్డ మూడెకరాలూ ఒకప్పుడు అసిరమ్మ జీడితోట. "నా కూతురు పొంగే గెడ్డ దాటి బడికెళ్ళలేకపోయింది, దాని కూతుళ్ళకి గెడ్డకి ఇవతలే బడుండాల" అని చెప్పి, తోట మొత్తం రాసిచ్చి, కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. బడి హైస్కూలైంది, హైస్కూలు కాలేజీ అయింది. గేటు మీద ఆవిడ పేరు ఇనప అక్షరాల్లో ఉంది గానీ, ఆవిడ మొహం మాత్రం ఆ ఆవరణలో ఎక్కడా లేదు.

ఆ లోటు తీరే రోజు వచ్చింది. కొత్త ఆడిటోరియం తయారైంది. దాని గోడమీద స్థాపకురాలి చిత్రపటం పెట్టాలన్నారు. ప్రిన్సిపాల్ గారికి సన్యాసమ్మ గుర్తొచ్చింది.

సన్యాసమ్మ ఆ రోజు ఇంటికి దాదాపు పరుగెత్తింది. గడపలో దాలమ్మ కూర్చుని చింతకాయలు కొడుతోంది. దాలమ్మ అసిరమ్మ కూతురు. ఎనభై అయిదు దాటాయి. కళ్ళు బాగానే ఉన్నాయి, కాళ్ళే మొండికేశాయి.

"అమ్మా, అమ్మమ్మ ఫొటో అడిగినారే కాలేజీలో. గోడకెడతారట, దండేస్తారట."

దాలమ్మ చేతిలో రాయి ఆగిపోయింది. "ఇన్నాల్టికా? పెట్టిలో ఉంది, తీసుకెళ్ళు. ఒలే, ఆ దండేసిన్నాడు నన్నొగ్గీకు. మోసుకెళ్తావో ఆటో ఎక్కిస్తావో నీ ఇష్టం. మాయమ్మని గోడమీద సూడాల నాను."

అసిరమ్మకి ఉన్నది ఒకటే ఫొటో. ఎప్పుడో ఊరి జాతర తీర్థంలో తీయించుకున్నది. వెనక తెరమీద రంగులతో వేసిన విమానం, ముందు స్టూలు మీద అసిరమ్మ. ముతక చీర పిక్కల దగ్గర ఆగిపోయింది. రవిక లేదు. పమిట భుజాల చుట్టూ తిప్పి నడుంలో బిగించింది. కప్పాల్సినచోట కప్పుతూ, పనికి చెయ్యి ఆడాల్సినచోట వదులుతూ కట్టిన కట్టు అది. చేతులనిండా పచ్చబొట్లు. రెండు ముక్కుపుటాలకీ పోగులు. నోట్లో చుట్ట, అది కూడా ఆ వైపు ఆడవాళ్ళ పద్ధతిలో నిప్పు లోపలికి పెట్టి. చుట్టని ఒక బుగ్గలోకి నెట్టేసి, రెండో పక్కనుంచి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

మర్నాడు ఆ ఫొటో ప్రిన్సిపాల్ గారి బల్లమీద పడింది.

సౌదామిని మేడమ్ ముందు కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది. "ఇది అసంపూర్ణ వస్త్రధారణ" అంది.

"పూర్తిగానే కట్టుకుంది కదండీ," అంది సన్యాసమ్మ.

"సన్యాసమ్మా, నువ్వుండు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన నుదుటిమీద చెమట పట్టింది. "అంటే… సర్క్యులర్ ప్రకారం… సోమవారం నుంచి…"

ఆ వాక్యం పూర్తిచేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎనిమిది వందల నలభైమంది విద్యార్థినులూ, ముప్పై ఒక్కమంది అధ్యాపకులూ, పాలకమండలి సభ్యులూ నోట్లో చుట్టలతో గేటులోంచి వస్తున్న దృశ్యం అందరి కళ్ళముందూ ఒకేసారి కదిలింది. అధ్యాపకుల్లో మగవాళ్ళు పదకొండుమంది.

"సర్క్యులర్ వెనక్కి తీసుకుందాం," అంది ఉజ్వల మేడమ్, కాస్త తేరుకుని.

మూల కుర్చీలోంచి ఆఫీసు సూపరింటెండెంటు పట్నాయక్ గారు దగ్గారు. ఆయన నోరు తెరిస్తే ఫైలు మాట్లాడినట్టే ఉంటుంది. "సర్క్యులరును ఉపసంహరించుకొనుటకు పాలకమండలి తీర్మానము, యూనివర్సిటీ వారి పూర్వానుమతి, ప్రాస్పెక్టసులకు సవరణ పత్రము కావలెను. తక్కువలో తక్కువ రెండు సంవత్సరములు. అయితే సార్, స్థాపకురాలి ఛాయాచిత్రమును సవరించరాదని మాత్రము ఎచ్చటనూ లేదు. నిబంధనలన్నియు వెతికితిని."

గదిలోకి గాలి వచ్చినట్టయింది. నియమాన్ని మార్చడం కష్టం, మనిషిని మార్చడం తేలిక. ఇంత సులువైన సంగతి ఇంతసేపు తట్టనందుకు అందరూ కాస్త సిగ్గుపడ్డారు. అక్కడికక్కడే ఛాయాచిత్ర సవరణ ఉపసంఘం ఏర్పడింది.

మొదటి తీర్మానం రవిక. మోచేతుల వరకు.

"ఆగండి," అంది ఉజ్వల మేడమ్. "ఒక స్త్రీకి ఆమె సమ్మతి లేకుండా రవిక తొడగడం ఆమె శరీరం మీద దాడి. నేను ఒప్పుకోను."

"ఆవిడ పోయి ముప్పై ఆరేళ్ళయింది కదమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"చనిపోయినంత మాత్రాన హక్కులు పోతాయా?"

పోతాయో పోవో ఎవరికీ తెలియలేదు. కాబట్టి వారసురాలి దగ్గర సమ్మతి పత్రం తీసుకోవాలని నిర్ణయమైంది. పట్నాయక్ గారు అప్పటికప్పుడు రాసి చదివారు. "కీర్తిశేషులు అసిరమ్మ వారసురాలినైన నేను, ఆమె తరఫున, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో, మోచేతుల వరకు రవిక ధరించుటకు సమ్మతించుచున్నాను."

"మరణానంతర సమ్మతి!" ఉజ్వల మేడమ్ కళ్ళు మెరిశాయి. "దేశంలో ఏ కాలేజీలోనూ లేదు సన్యాసమ్మా. నువ్వు చరిత్ర సృష్టిస్తున్నావు. ఇక్కడ సంతకం పెట్టు."

సన్యాసమ్మ పెన్ను పట్టుకుని ఆలోచించింది. రవికే కదా. ఇప్పుడు తను తొడుక్కోవడం లేదూ? అమ్మకి కావలసింది గోడమీద వాళ్ళమ్మ. ఆ మాటే చెప్పింది. "తొడగండి సార్, నాకేటీ బాధ లేదు. మొకం మాత్రం ముట్టుకోకండి. మాయమ్మ గుర్తుపట్టాల."

"ముఖం జోలికి మేమెందుకు పోతాం!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. పట్నాయక్ గారు ఆ మాట మినిట్సులో రాశారు కూడా.

ఫొటో పట్టుకుని సన్యాసమ్మ బజారులో కామేశు స్టూడియోకి వెళ్ళింది. కామేశు కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంటలో ఎర్ర రవిక తొడిగాడు. చూడముచ్చటగానే ఉంది.

ఉపసంఘానికి మాత్రం తృప్తి కలగలేదు. మోచేతి కింద పచ్చబొట్లు కనిపిస్తున్నాయి. అవి కనబడితే పిల్లలు టాటూలకి ఎగబడతారు. రవిక చేతులు మణికట్టు దాకా దిగాయి. రెండో సంతకం. పిక్కలు కనిపిస్తున్నాయి. చీర పాదాలు కప్పింది. మూడో సంతకం. భుజంమీద పమిట జారే ప్రమాదం ఉంది. ఒక పిన్నీసు. అది జారితే? ఇంకో పిన్నీసు. నాలుగు. కాలేజీ ఆవరణలో పొగాకు నిషేధం. గోడ ఆవరణలోనిదే, బొమ్మ గోడమీదిదే. చుట్ట పోయింది. అయిదు.

చుట్ట పోయాక కొత్త చిక్కు వచ్చింది. చుట్ట పెట్టుకున్న బుగ్గ ఉబ్బి అలాగే ఉండిపోయింది.

"పంటినొప్పితో వచ్చినట్టుంది," అంది సౌదామిని మేడమ్.

"మొకం ముట్టుకోనన్నారు సార్," అంది సన్యాసమ్మ.

ప్రిన్సిపాల్ గారు పట్నాయక్ గారి వైపు చూశారు. పట్నాయక్ గారు మినిట్సు తిరగేశారు. "ముఖమని యున్నది సార్. బుగ్గ అని లేదు."

ఆ లెక్కన బుగ్గ దిగింది. ఆ లెక్కనే, ముఖానికి ఏమాత్రం సంబంధం లేకుండా, నోరు మూసుకుంది. ఇన్ని పళ్ళు బయటపెట్టి నవ్వడం నిండుదనం కాదని సౌదామిని మేడమ్, ఉద్యమకారిణి ఎప్పుడూ గంభీరంగా ఉండాలని ఉజ్వల మేడమ్. ముక్కుపోగుల దగ్గరైతే ఇద్దరికీ చర్చే లేకపోయింది. ఒకరికి మోటు, ఒకరికి బానిస చిహ్నం. తీసేశారు. ఏకగ్రీవం.

కళ్ళ దగ్గరే తగువొచ్చింది. వంచిన చూపు కావాలని ఒకరు, అణచివేతను ఎదిరించే చూపు కావాలని ఒకరు. మధ్యేమార్గంగా ఒక కన్ను వంచి, ఒక కన్నుతో ఎదిరించమని ప్రిన్సిపాల్ గారు సూచించారు. కామేశు అలాగే చేసి చూపించాడు. అసిరమ్మ చీకట్లో సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కనిపించింది. చివరికి రెండు కళ్ళూ దూరంగా భవిష్యత్తు వైపు చూడాలని రాజీ కుదిరింది. అసిరమ్మ అంతవరకూ ఫొటో తీసినవాడి వైపు చూస్తూ ఉండేది.

అప్పుడు విశాఖపట్నం నుంచి వ్యక్తిత్వ వికాస నిపుణుడు ఒకాయన వచ్చాడు. ఆడిటోరియం ప్రారంభానికి ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం ఇవ్వబోయేది ఆయనే. బొమ్మ చూసి పెదవి విరిచాడు. "పద్ధతిగా ఉంది, పవర్‌ఫుల్‌గా ఉంది, కానీ పిల్లలకి ఈవిడలా అవ్వాలనిపించాలి కదండీ. కొంచెం స్లిమ్‌గా, ఫ్రెష్‌గా, నేచురల్‌గా."

"పుట్టినప్పటినించీ నేచురల్‌గానే ఉందండి మాయమ్మమ్మ," అంది సన్యాసమ్మ.

"అది వేరమ్మా. నేచురల్‌గా కనిపించడానికి చాలా పని చెయ్యాలి."

నడుం సన్నబడింది. వయసు నలభై నుంచి ఇరవై ఆరుకి దిగింది. ఇక రంగు. ఇక్కడ ఉజ్వల మేడమ్ బల్ల గుద్దింది. "నా ప్రాణం పోయినా తెల్లగా చెయ్యనివ్వను. నలుపు కూడా అందమే." అందరూ గౌరవంగా తలలూపారు. మరి ఎంత నలుపు? ఆ ప్రశ్నకి సమాధానం కోసం, బయట ఆడిటోరియానికి రంగులు వేస్తున్న మేస్త్రీ దగ్గరున్న రంగుల అట్ట తెప్పించారు. గోడ మీగడ రంగు కాబట్టి స్థాపకురాలు దానికి నప్పాలన్నారు ప్రిన్సిపాల్ గారు. ఓటింగు పెట్టారు. 'బాదం పాలు' అనే రంగు ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. అది తెలుపు కాదని మినిట్సులో స్పష్టంగా రాయించుకుని ఉజ్వల మేడమ్ శాంతించింది.

తొమ్మిదో సంతకం పెట్టి సన్యాసమ్మ స్టూడియోకి వెళ్ళేసరికి కామేశు తల పట్టుకున్నాడు. "పిన్నీ, ఈ కాయితం మీద మీ ముసలమ్మది ఇంకేటి మిగిలింది చెప్పు? వెనకాతల ఇమానం ఒక్కటే."

"అదీ తీసీమన్నార్రా. పుస్తకాల బీరువా పెట్టమన్నారు."

కామేశు విమానాన్నీ తీసేశాడు. పాత ఫొటో కవరులో పెట్టి ఆవిడ చేతికిస్తూ, "ఇది జాగ్రత్త పిన్నీ. పొరపాటున కూడా ఆలకి ఇవ్వకు" అన్నాడు.

సోమవారం నుంచి సర్క్యులర్ అమల్లోకి వచ్చింది. గేటు దగ్గర వృక్షశాస్త్రం లాబ్‌లోని పొడుగు బల్ల వేశారు. బల్లమీద ఆమోదిత చిత్రపటం ప్రతి ఒకటి. వచ్చిన ప్రతి పిల్లనీ బొమ్మ పక్కన నిలబెట్టి పోల్చి చూసి లోపలికి వదిలేవారు.

మూడో ఏడు చదివే రోహిణి అనే పిల్లని మొదటిరోజే ఆపేశారు. చున్నీ సరిగ్గా ఉంది, పిన్నీసులు రెండూ ఉన్నాయి.

"నవ్వుతున్నావు," అంది సౌదామిని మేడమ్.

"నవ్వు కూడా బట్టల్లోకే వస్తాదా మేడమ్?"

"స్థాపకురాలు నవ్వుతున్నారా? చూడు."

రోహిణి బొమ్మని చూసింది. చూసేసరికి నవ్వు ఇంకా ఎక్కువైంది. ఆ రోజు ఆ పిల్లకి హాజరు పడలేదు. కొండవార ఊళ్ళనుంచి వచ్చే పిల్లల్లో రెండు ముక్కుపుటాలూ కుట్టించుకున్నవాళ్ళు ఆరుగురున్నారు. "మాయమ్మమ్మకీ ఇలాగే ఉంటాయి మేడమ్" అంటే, "ఎవరి అమ్మమ్మ అయితే నాకేం, స్థాపకురాలి ముక్కు చూడు" అని వెనక్కి పంపారు.

నియమం అధ్యాపకులకి కూడా కాబట్టి వాళ్ళ పాట్లు వాళ్ళవి. బొమ్మలో కామేశు పొడుగు జడ వేసి పెట్టాడు. ఉజ్వల మేడమ్‌ది భుజాలకి అందని జుట్టు. ఆవిడ సవరం పెట్టుకుని వచ్చి, అది తన సొంత నిర్ణయమని రోజూ గేటు దగ్గర సంతకం పెట్టేది. సౌదామిని మేడమ్ బొమ్మలోని నడుముకి గౌరవంగా గేటు నుంచి స్టాఫ్ రూము దాకా ఊపిరి బిగబట్టి నడిచేది. మగ అధ్యాపకుల సంగతి పరిశీలనలో ఉంది.

ప్రారంభోత్సవం రోజు పది గంటలకి గేటు ముందు ఆటో ఆగింది. సన్యాసమ్మ వాళ్ళమ్మని రెండు చేతులతో పట్టి దింపింది. దాలమ్మ ఉతికిన తెల్లచీర వాళ్ళమ్మ కట్టినట్టే కట్టుకుంది. రవిక లేదు. మంచి రోజని కొత్త చుట్ట ముట్టించుకుంది.

సౌదామిని మేడమ్ బొమ్మని చూసింది, దాలమ్మని చూసింది. "సన్యాసమ్మా, ఈవిడని ఇలా లోపలికి పంపడానికి వీల్లేదు."

"మాయమ్మండి. అసిరమ్మ కూతురు."

"కావచ్చు. కానీ అసిరమ్మ గారి సంప్రదాయం ఇది కాదు."

ఉజ్వల మేడమ్ సవరం సర్దుకుంటూ ముందుకొచ్చింది. "అమ్మా, మీరెలా ఉండాలనుకుంటే అలా ఉండే స్వేచ్ఛ మీకుంది. దాన్ని మేము మనస్ఫూర్తిగా గౌరవిస్తాం. గేటు బయట. లోపలికి రావాలంటే ఇదిగో, అన్ని సైజులూ ఉన్నాయి." బల్లకింద అట్టపెట్టెలో ఎర్ర రవికలు మడతపెట్టి ఉన్నాయి.

దాలమ్మ చుట్ట తీసి, బల్లని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "నా సిన్నప్పుడు మా పిన్ని సంతలో రవిక కుట్టించుకుని తొడుక్కుంది. ఊరోలు కూటం ఎట్టినారు. సిగ్గున్న ఆడది రవిక తొడుగుతాదా, సోకులాడి కాకపోతే, అని నానా మాటలూ అన్నారు. ఆలూ ఇలాగే బల్లేసుకుని కూకున్నారు."

సౌదామిని మేడమ్ రవికల పెట్టెని కాలితో బల్లకిందికి ఇంకాస్త నెట్టింది.

"పోనీ, లోపలికి రానక్కర్లేదు గానీ, మాయమ్మ బొమ్మేదో సూపించీయండి. సూసి పోతాను."

బొమ్మ బల్లమీదే ఉంది. సౌదామిని మేడమ్ దాన్ని జాగ్రత్తగా ఎత్తి దాలమ్మ ముందు పట్టుకుంది. దాలమ్మ చాలాసేపు చూసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికినట్టు చూసింది.

"బాగుంది," అంది చివరికి. "ఎవల గుంటే ఈ పిల్ల?"

సన్యాసమ్మ తొమ్మిది సంతకాలు పెట్టిన చేతిని చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. "కాలేజీవోల గుంటమ్మా," అంది.

"మరి మాయమ్మేదే?"

వెనక హారను మోగింది. ముఖ్య అతిథి కారు వచ్చింది. దారికి అడ్డమని దాలమ్మని మళ్ళీ ఆటో ఎక్కించేశారు. లోపల బొమ్మకి దండ వేసి, "ఇంత చిన్న వయసులో, ఇంత ఆధునికంగా ఆలోచించిన మహిళ" అని ముఖ్య అతిథి గారు పది నిమిషాలు మెచ్చుకున్నారు. సన్యాసమ్మ వేదిక మీదికి మంచినీళ్ళు అందించింది. కారెక్కుతూ ఆ అతిథి మేడమ్, "ఇందాక గేటు దగ్గర ఎవరా ముసలావిడ?" అని అడిగారు. స్థాపకురాలి కూతురని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. "అలాగా! పోలికే లేదే" అని ఆవిడ వెళ్ళిపోయారు.

పెద్దవాళ్ళు అన్న మాట గోవర్ధనరావు గారి దృష్టిలో మాటగా ఉండిపోదు. మూడోనాటికి సన్యాసమ్మ చేతికి మెమో అందింది. "స్థాపకురాలి కుమార్తెనని చెప్పుకొన్న స్త్రీకిని, ఆమోదిత చిత్రపటమునకును ఎట్టి పోలికయు లేదని ఉన్నత స్థాయిలో గమనించబడినది. కావున మీరు స్థాపకురాలి వారసురాలన్న విషయము అనుమానాస్పదమైనది. ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

సన్యాసమ్మ ఆ ఆవరణలోనే ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆఫీసులో వచ్చిపోయే కాగితాలు ముప్పై ఏళ్ళుగా మోసింది. ఏ కాగితం ఏ కాగితాన్ని కొడుతుందో ఆవిడకి తెలియనిది కాదు. వంటింటి గట్టుమీద కూర్చుని, తెల్లకాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో నాలుగు ముక్కలు రాసింది.

"అయ్యా, తమరు గమనించినది నిజం. గోడమీద ఉన్న అమ్మాయికి నేను ఏమీ కాను, మా అమ్మ కూడా ఏమీ కాదు. ఏమీ కాని మనిషి తరఫున తొమ్మిది సంతకాలు పెట్టడం నా తప్పు. ఆ తొమ్మిదీ చెల్లవు. దయచేసి రద్దు చేయవలెను."

పట్నాయక్ గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. నాలుగోసారి నిలబడి చదివారు. తన సర్వీసులో ఇంత నిబంధనలకు లోబడిన సంజాయిషీ ఆయన చూడలేదు. ఉపసంఘం సమావేశమైంది.

"సన్యాసమ్మ వారసురాలు కాదన్నచో సమ్మతులన్నియు చెల్లవు సార్. వారసురాలన్నచో, ఆమె తల్లికి పోలని చిత్రము చెల్లదు. ఎటు తిరిగినను గోడ ఖాళీ చేయవలెను."

"రవిక?" అంది సౌదామిని మేడమ్ నీరసంగా.

"సమ్మతి లేని రవిక యెట్లు చెల్లునమ్మా?"

ఉజ్వల మేడమ్ లేచి నిలబడింది. ఏదో పెద్ద మాట అనబోతోందని అందరూ సర్దుకున్నారు. ఆవిడ తలవెనక్కి చెయ్యి పోనిచ్చి, సవరం ఊడదీసి బల్లమీద పెట్టింది. "దించేయండి సార్. ఇప్పుడే," అంది.

"దించి ఏం పెట్టను?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "బోసిగోడ ఉంటే అడగరూ?"

"యూనివర్సిటీ వారి నిర్ణయము వచ్చువరకు యథాస్థితి సార్," అన్నారు పట్నాయక్ గారు. "యథాస్థితి యనగా మొదటి ఛాయాచిత్రము."

సన్యాసమ్మ అప్పటికే కవరు తీసి బల్లమీద పెట్టింది.

పదిహేడో నంబరు సర్క్యులర్ ఇప్పటికీ అమల్లోనే ఉంది. రద్దు చేసే అధికారం ఎవరికీ లేదు. అయితే దాన్ని పట్టుబట్టి అమలుచెయ్యాలన్న ఉత్సాహం కూడా, ఆ ఫొటో గోడెక్కిన రోజు నుంచి, ఎవరికీ లేదు. గేటు దగ్గర బల్ల వృక్షశాస్త్రం లాబ్‌కి తిరిగి వెళ్ళిపోయింది. పిల్లలు తమకి తోచినట్టు చున్నీలు వేసుకుంటున్నారు, తోచకపోతే మానుకుంటున్నారు.

ఒక మామూలు గురువారం మధ్యాహ్నం, ఉపన్యాసాలూ దండలూ ఏమీ లేని పూట, సన్యాసమ్మ వాళ్ళమ్మని ఆడిటోరియంలోకి నడిపించుకొచ్చింది. దాలమ్మ తలెత్తి చూసింది. మెల్లగా కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. "అద్గదీ," అంది.

వాళ్ళని చూసి నలుగురైదుగురు పిల్లలు లోపలికొచ్చారు. రోహిణి దాలమ్మ పక్కన గచ్చుమీద చతికిలబడింది.

"మామ్మా, మీ యమ్మ ఎందుకలా నవ్వుతోంది?"

"నానక్కడే ఉన్నాను కదే, దాని కొంగట్టుకుని," అంది దాలమ్మ ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "ఫొటోవోడు నల్లగుడ్డలోంచి తల బయటెట్టి, పమిట సర్దుకో అన్నాడు. సర్దుకుంది. సుట్ట తీసీ అన్నాడు. తియ్యలేదు. ఆడు ఇసుక్కుని మల్లీ గుడ్డలో దూరినాడు. దూరి, అందులోంచే అరిసినాడు, నవ్వకు, అని."